పాత రెగెక్స్ ఆప్షన్లు ఇంకా పనికొస్తాయా? (మా ఊరి పేరు నాలుగు ముక్కలైన కథ)

మొన్న దసరాకి ఊరికెళ్తే మా బడి పూర్వవిద్యార్థుల జాబితా ఒకటి నా నెత్తిన పడింది. "నువ్వు కంప్యూటర్ పనోడివి గదా, గీ పేర్లన్నీ ఒక్క తీరుగ జేసియ్యి" అన్నారు మావాళ్ళు. వాట్సప్పులో వచ్చిన పేర్లు కొన్ని, ఎవరో పాత ఫాంటులో టైపు చేసి తర్వాత యూనికోడ్ లోకి మార్చినవి కొన్ని, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినవి కొన్ని. పేరు, ఊరు, ఫోను విడివిడిగా తీసి పట్టికలో పెట్టాలి. గంట పని అనుకున్నా. పైథాన్ తెరిచి, మాటల్ని విడదీయడానికి ఇరవయ్యేళ్ళుగా చేతికి అలవాటైన గుర్తులే కొట్టా: బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, పక్కన ప్లస్. "మాటలో ఉండే అక్షరాలు ఒకటో, ఎక్కువో" అని దాని అర్థం.

టేకుమట్ల అన్న మాట ఇలా బయటికొచ్చింది: ట, క, మట, ల.

పక్కన కూచుని చూస్తున్న మా బాపు కళ్ళజోడు సరిచేసుకుని, "మట ఏంది బిడ్డా? మన ఊరేనా ఇది?" అన్నాడు. గుణింతాలన్నీ రాలిపోయి, ఒత్తు ఊడిపోయి, ఊరి పేరు నాలుగు ముక్కలైంది. ఇరవయ్యేళ్ళ అనుభవం అని చెప్పుకునే నాకు మా ఊరి పేరు కూడా సరిగ్గా చదవడం రాలేదన్నమాట :)

ఇంతకీ ఈ టపా రాయడానికి కారణం ఇంకొకటుంది. ఆఫీసులో ఒక కుర్రాడు ఈమధ్య అన్నాడు: "అన్నా, ఈ పాత రెగెక్స్ ఫ్లాగులు, ఆప్షన్లు ఇప్పుడెవరు నేర్చుకుంటారు? అడిగితే ఏఐ రాసిస్తుంది. అవన్నీ మీ కాలం సంగతులు." అప్పుడు నవ్వి ఊరుకున్నా. ఊళ్ళో ఆ నాలుగు ముక్కలు చూశాక సరైన జవాబు చెప్పాలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఒక ఆప్షన్ పాతదా కొత్తదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ప్రతి ఆప్షన్ వెనకా దాన్ని పెట్టినవాళ్ళు మనసులో అనుకున్న ఒక ఊహ ఉంటుంది. ఆ ఊహ మన డేటాకి నప్పితే అది ఎంత పాతదైనా పనికొస్తుంది. నప్పకపోతే నిన్న వచ్చినదైనా ముంచుతుంది. ఒక్కొక్కటే చూద్దాం.

సాఫ్ట్‌వేర్ తో పని లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే "ఇలాంటి ఆకారంలో ఉన్న రాత ఎక్కడుందో వెతుకు" అని కంప్యూటర్ కి చెప్పే పద్ధతి. గణితంలో దీన్ని స్టీఫెన్ క్లీనీ 1956లో ప్రచురించాడు. కెన్ థాంప్సన్ 1968లో దాన్ని ప్రోగ్రాములోకి దించే పద్ధతి రాశాడు. ఆ తర్వాత యూనిక్స్, అక్కణ్ణుంచి పెర్ల్, పెర్ల్ నుంచి మిగతా లోకం. ఆకారం పక్కన "పెద్ద చిన్న అక్షరాల తేడా వద్దు", "లైను లైనుకీ విడిగా చూడు" లాంటి షరతులు పెట్టుకోవచ్చు. ఆ షరతులే ఈ ఫ్లాగులు.

మొదట చచ్చిపోయినవాటికి దండం పెట్టేద్దాం.

పెర్ల్ లో "ఓ" ఫ్లాగు ఉండేది, ఇప్పటికీ ఉంది. నమూనాని ఒక్కసారే కంపైల్ చెయ్యి, మళ్ళీ మళ్ళీ చెయ్యకు అని దానర్థం. యంత్రాలు నెమ్మదిగా ఉన్నరోజుల్లో పొదుపు. ఇప్పుడు పెర్ల్ తనే చూసుకుంటుంది, నమూనా మారకపోతే మళ్ళీ కంపైల్ చెయ్యదు. దీనితో నాకొక పాత పరాభవం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చరరాశిలో పెట్టి, ఒక పెద్ద ఫైలులో ఒక్కో ఊరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే స్క్రిప్టు రాశా. వేగం కోసమని చివర "ఓ" తగిలించా. అన్ని ఊళ్ళకీ ఒకటే లెక్క వచ్చింది. ఎందుకంటే మొదటి ఊరి పేరు దగ్గరే నమూనా గడ్డకట్టుకుపోయింది, మిగతా ఊళ్ళని అది పట్టించుకోలేదు. ఆ రోజు మా టీం లీడర్ చూసిన చూపు ఇంకా గుర్తుంది.

పీహెచ్‌పీలో "ఈ" ఫ్లాగు ఇంకా ఘోరం. దొరికిన రాతను కోడుగా నడిపించేది. అంటే బయటివాడు రాసినదాన్ని మన సర్వరు మీద నడపడానికి మనమే తలుపు తీసి పెట్టినట్టు. 2013లో 5.5 కూర్పులో వద్దన్నారు, 2015లో 7.0లో తీసేశారు. దానితో పాటే పాత ఎరెగ్ ఫంక్షన్లూ పోయాయి. పైథాన్ లో టెంప్లేట్ అనే ఫ్లాగు ఉండేది, ఎవరూ వాడినట్టు కూడా నేను చూడలేదు, 3.13తో అదీ పోయింది. వీటి కోసం ఎవరూ ఏడవనక్కర్లేదు.

రెండో రకం: ఇంటిపేరు మారింది, మనిషి అతనే.

ఈగ్రెప్, ఎఫ్‌గ్రెప్ అని రెండు కమాండ్లు. ఆల్ఫ్రెడ్ ఏహో రాసినవి, 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులో ఉన్నాయి. 2022లో గ్నూ గ్రెప్ 3.8 కూర్పు నుంచి ఆ పేర్లతో పిలిస్తే "ఇవి పాతబడ్డాయి" అని హెచ్చరిక వస్తోంది. చాలామంది అది చూసి ఆ పనే పోయిందనుకున్నారు. పోలేదు. గ్రెప్ పక్కన పెద్ద ఈ, పెద్ద ఎఫ్ ఆప్షన్లుగా రెండూ బతికే ఉన్నాయి. తెలుగు వెతికేవాళ్ళకి ఆ పెద్ద ఎఫ్ బంగారం. నమూనా గొడవ లేదు, ఇచ్చిన రాతను ఉన్నదున్నట్టు వెతుకుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు. ఆ బైట్లు అదే వరసలో ఉంటే దొరికినట్టే. గుణింతం ఊడదు, ఒత్తు రాలదు. యాభయ్యేళ్ళకి దగ్గర పడుతున్న ఆప్షన్, టేకుమట్లని ముక్కలు చేయకుండా పట్టుకుంది.

మూడో రకం: బతికే ఉన్నాయి, మనమే చిన్నచూపు చూస్తున్నాం.

వీటిలో నాకిష్టమైనది "ఎక్స్". 1994లో పెర్ల్ 5తో వచ్చింది. నమూనా మధ్యలో ఖాళీలు, కొత్త లైన్లు, వ్యాఖ్యలు రాసుకోనిస్తుంది. పైథాన్ లో దీన్ని వెర్బోస్ అంటారు. మా జాబితాలో జిల్లా పేరు చూడండి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా మేము వరంగల్ జిల్లా. ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి. ముప్పయ్యేళ్ళ కింద పదో తరగతి పాసైనవాళ్ళు వరంగల్ అనే రాస్తారు, మొన్న పాసైన పిల్లలు భూపాలపల్లి అని రాస్తారు, కొందరు ఉట్టి జయశంకర్ అని రాస్తారు. పోనీ వరంగల్ అన్నవాళ్ళందర్నీ మార్చేద్దామా అంటే పెళ్ళయ్యి నిజంగా వరంగల్లో ఉంటున్నవాళ్ళూ ఉన్నారు. టేకుమట్ల పేరుతో రాష్ట్రంలో వేరే ఊళ్ళూ ఉన్నాయి కాబట్టి జిల్లా వదిలెయ్యడానికీ లేదు. ఇదంతా ఒకే లైనులో నమూనాగా కుక్కితే వారం తర్వాత నాకే అర్థం కాదు. "ఎక్స్" పెట్టుకుని ఒక్కో షరతు ఒక్కో లైనులో రాసి, పక్కన "2016కి ముందు రాత" అని తెలుగులోనే వ్యాఖ్య పెట్టుకున్నా. జావాస్క్రిప్టులో ఇది ఇప్పటికీ లేదు. ఉండుంటే లోకంలో సగం తిట్లు తగ్గేవి.

"ఎం", "ఎస్" కూడా అంతే. లైను లైనుకీ మొదలు చివర చూడాలంటే "ఎం". చుక్క గుర్తు కొత్త లైనుని కూడా దాటాలంటే "ఎస్". జావాస్క్రిప్టుకి ఆ "ఎస్" 2018లో గానీ రాలేదు. అప్పటిదాకా చెత్త చిట్కాలతో నెట్టుకొచ్చాం. జాగ్రత్త ఒక్కటే: రూబీలో "ఎం" అంటే పెర్ల్ లో "ఎస్" చేసే పని. అక్షరం ఒకటే, అర్థం వేరు. మా వైపు ఒక మాటకి ఒక అర్థం, గుంటూరు వైపు ఇంకో అర్థం ఉన్నట్టు.

ఇంకొకటి చెప్తే ఆశ్చర్యపోతారు. పైథాన్ లో ఆస్కీ అని ఒక ఫ్లాగుంది. యూనికోడ్ వద్దు, పాత ఇంగ్లీషు అక్షరాలే చాలు అని దాని భావం. యూనికోడ్ కాలంలో ఇదెందుకు అనిపిస్తుంది. కానీ పైథాన్ 3లో బ్యాక్‌స్లాష్ డి అంటే 0 నుంచి 9 మాత్రమే కాదు, ౫౦౬ అని తెలుగు అంకెల్లో రాసినా సరే అంటుంది. పిన్ కోడ్ తనిఖీ దాటిపోయి, ఆ తర్వాత అంకెలు తప్ప ఇంకేం తెలియని ఇంకో ప్రోగ్రాములో ఇరుక్కుంటుంది. అక్కడ ఆస్కీ ఫ్లాగు పెట్టడమే మర్యాద. లేదా ముందే తెలుగు అంకెల్ని మామూలు అంకెలుగా మార్చుకుని తీసుకోవడం ఇంకా మర్యాద.

నాలుగో రకం: మన తెలుగు దగ్గరికొచ్చేసరికి తిరగబడేవి.

"ఐ" ఫ్లాగు అందరికీ తెలుసు, పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడొద్దని. తెలుగులో పెద్ద చిన్న లేవు కాబట్టి దీనితో లాభమూ లేదు, నష్టమూ లేదు అనుకుంటాం. నిజమే, తెలుగు లిపిలో ఉన్నంతవరకూ. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతి గుర్తుందా? లేఖినిలో టైపు చేసినవాళ్ళకి వేళ్ళకే గుర్తుంటుంది. అందులో చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. చిన్న ఎల్ అయితే ల, పెద్ద ఎల్ అయితే ళ. ఇప్పుడు "ఐ" పెట్టి వెతకండి. పాత, పాట ఒకటైపోతాయి. కల, కళ ఒకటైపోతాయి. పాత ఫైళ్ళు ఆర్టీఎస్ లో దాచుకున్నవాళ్ళు ఈ ఒక్క ఫ్లాగుతో ఎన్ని తప్పుడు ఫలితాలు చూసి ఉంటారో!

ఇక ముక్కలు చేసిన అసలు నేరస్థుడు, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ. దాని పుట్టుకలో ఉన్న ఊహ "మాట అంటే ఎ నుంచి జడ్, అంకెలు, కింద గీత" అని. ప్రోగ్రాముల్లో చరరాశుల పేర్లకి సరిపోయే ఊహ అది. తర్వాత ఒక్కో భాష దాన్ని ఒక్కో రకంగా సాగదీసింది. పెర్ల్ గుణింతపు గుర్తుల్ని కూడా మాటలో భాగంగానే చూస్తుంది, టేకుమట్ల నిండుగా వస్తుంది. పైథాన్ లోని మామూలు లైబ్రరీ అచ్చుల్ని, హల్లుల్ని ఒప్పుకుంది గానీ గుణింతాల్ని, పొల్లుని ఒప్పుకోలేదు. దాని లెక్కలో అవి "అక్షరాలు" కావు, తగిలించుకున్న గుర్తులు. ఈ లోపం గురించి పైథాన్ వాళ్ళ దగ్గర 2011లోనే ఫిర్యాదు నమోదైంది. జావాలో మామూలుగా ఇంగ్లీషు మాత్రమే. 2011లో జావా 7తో వచ్చిన యూనికోడ్ క్యారెక్టర్ క్లాస్ ఫ్లాగు పెడితేనే దారికొస్తుంది. జావాస్క్రిప్టులో అయితే డబ్ల్యూ ఇంకా ఇంగ్లీషు దగ్గరే ఉంది. దానివల్ల మాట అంచుని పట్టే బ్యాక్‌స్లాష్ బి కూడా తెలుగులో పనికిరాదు. "పల్లి" అన్న మాటకి అటూ ఇటూ అంచు పెట్టి ఉట్టి తెలుగు వ్యాసంలో వెతికితే అది జన్మలో దొరకదు. దాని దృష్టిలో ఖాళీ ఎంతో "ప" కూడా అంతే, రెండూ మాటలు కావు.

రూబీలో తమాషా చూడండి. కొత్తగా, పొట్టిగా కనిపించే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఇంగ్లీషుకే పరిమితం. చదరపు బ్రాకెట్లూ కోలన్లూ పెట్టి రాసే పాత పోసిక్స్ పద్ధతిలో "వర్డ్" అని రాస్తే గుణింతాలతో సహా తెలుగు మాట మొత్తం వస్తుంది. పోసిక్స్ ప్రమాణంలో వర్డ్ లేదు, అదే పద్ధతిలో తర్వాత కలిపారు. అయినా పద్ధతి 1992 నాటిదే. చూడ్డానికి ముసలిది, పనికి పడుచుది.

సరే, తెలుగుకి అసలు కావలసినవి ఏంటి? ఇక్కడ మాత్రం కొత్తవాళ్ళకి దండం పెట్టాల్సిందే.

యూనికోడ్ లో తెలుగు 1991 నాటి మొదటి కూర్పు నుంచీ ఉంది. 3072 నుంచి 3199 దాకా 128 గదులు మనవి. చాలామంది ఈ హద్దులే నమూనాలో రాసేసి పని కానిస్తారు. నేనూ ఆ రాత్రి అదే చేశా. టేకుమట్ల నిండుగా వచ్చింది, ఈల వేశా. వెంటనే "సాఫ్ట్‌వేర్" రెండు ముక్కలై వచ్చింది. ఎందుకంటే అక్కడ ట్ తర్వాత ఒత్తు పడకుండా ఆపడానికి కంటికి కనిపించని గుర్తొకటి పెడతాం, దాని సంఖ్య 8204, మన గదుల్లో లేదు. దాన్ని విడిగా కలపాలి. జావాస్క్రిప్టులో 2015లో వచ్చిన "యూ" ఫ్లాగు, 2018లో వచ్చిన బ్యాక్‌స్లాష్ పి వాడుకుని "అక్షరం, గుర్తు, ఆ కనిపించని గుర్తు" అని చెప్తే సరిపోతుంది.

లెక్కపెట్టడం ఇంకో కథ. టేకుమట్లలో అక్షరాలెన్ని? మా బాపుని అడిగితే టే, కు, మ, ట్ల, నాలుగు అంటాడు. కంప్యూటర్ ని బైట్లలో అడిగితే 24. యూనికోడ్ సంఖ్యల్లో అడిగితే 8. కంటికి కనిపించే అక్షరాన్ని పట్టే బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ ని అడిగితే పాత లైబ్రరీలు 5 అంటాయి, ట్ వేరు ల వేరు అని. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో సంయుక్తాక్షరాల నియమం కలిపారు, దాన్ని పాటించే లైబ్రరీలు 4 అంటాయి. అంటే మా బాపు లెక్కకి కంప్యూటర్ రావడానికి 2023 దాకా పట్టింది :)

ఇక జాబితాలో మైసమ్మ అన్న పేరు వెతికితే సగం మందే దొరికారు. పాత ఫాంటు నుంచి మార్చిన వరసల్లో ఐత్వం రెండు ముక్కలుగా ఉంది, 3142, 3158 అని. మిగతావాటిలో ఒకే సంఖ్య, 3144. కంటికి రెండూ ఒకటే, రెగెక్స్ కి వేరు వేరు. జావాలో దీనికోసం 2002 నుంచీ కేనన్ ఈక్యూ అనే ఆప్షన్ ఉంది. నా చుట్టుపక్కల ఎవరూ వాడగా చూడలేదు. అది నెమ్మది కూడా. రెగెక్స్ దాకా రాకముందే అంతా ఒకే రూపంలోకి నార్మలైజ్ చేసుకోవడం తేలిక. కానీ 2002లోనే ఎవరో ఈ సంగతి ఆలోచించి ఒక ఆప్షన్ పెట్టారు చూడండి, ఆ మనిషికి నెనరులు చెప్పాలి.

పాతది పనికిరాదనే కుర్రాడికి ఇంకొక్క సాక్ష్యం. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ సేవలు 27 నిమిషాలు కుప్పకూలాయి. కారణం ఒక్క రెగెక్స్. సరిపోలక వెనక్కి వెళ్ళి, మళ్ళీ ప్రయత్నించి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ప్రాసెసర్లను తినేసింది. అలా వెనక్కెళ్ళకుండా అన్ని దారుల్నీ ఒకేసారి నడిపే పద్ధతి థాంప్సన్ 1968లోనే రాశాడు. పెర్ల్ దారిలో వచ్చిన భాషలు సౌకర్యాల కోసం దాన్ని వదిలేశాయి. రస్ కాక్స్ 2010లో గూగుల్ నుంచి విడుదల చేసిన ఆర్ఈ2, గో భాషలో ఉన్న రెగెక్స్, రెండూ మళ్ళీ ఆ పాత దారికే వచ్చాయి. కొన్ని సౌకర్యాలు వదులుకుంటే చాలు, ఎంత వంకర నమూనా ఇచ్చినా కుప్పకూలదు.

ఇప్పుడు అసలు సంగతి. నేను జాబితా పనిలో ఉండగా మా వాడకట్టు పెద్దాయనొకాయన మనవడితో వచ్చాడు. మనవడు ఫోనులో ఏదో దరఖాస్తు నింపుతున్నాడు. ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. ముసలాయన పట్టుబట్టి తన పేరు తెలుగులో రాయించాడు. "సరైన పేరు రాయండి" అని ఎర్రగా వచ్చింది. మళ్ళీ రాశారు. మళ్ళీ అదే. పెద్దాయన నా వైపు తిరిగి, "డెబ్బయ్యేండ్ల సంది గిదే పేరు బిడ్డా. ఇయ్యాల సరైంది గాదంటాంది" అన్నాడు.

నాకు మాట రాలేదు. ఆ ఫారం నేను రాసింది కాదు. కానీ దాని లోపలి లైను నాకు తెలుసు. ఎ నుంచి జడ్, మధ్యలో ఖాళీ, అంతే. పదిహేనేళ్ళ కింద ఒక ప్రాజెక్టులో అచ్చం అదే లైను నేనే రాశా. టెస్టింగులో పాసైంది, ఎందుకంటే టెస్టింగులో తెలుగు పేరే లేదు. ఆ లైను ఎంతమందికి "నీ పేరు సరైంది కాదు" అని చెప్పిందో నాకెప్పటికీ తెలియదు.

"పేర్లన్నీ ఇంగ్లీషులో తీసుకుంటే పోలా, ఈ గొడవంతా ఎందుకు" అంటారు కొందరు. మంచి వాదనే. కొన్నిచోట్ల బ్యాంకు, పాస్‌పోర్టు రాతతో కలవాలి కాబట్టి ఇంగ్లీషే కావాలి. అలాంటప్పుడు "ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి" అని తెలుగులో చెప్పండి. "సరైన పేరు" అనకండి. తప్పు మన నమూనాది, ఆయన పేరుది కాదు.

అందుకే ఏఐ రాసిస్తుందన్న కుర్రాడికి నేను చెప్పేదొకటే. రాయించుకో నాయనా, నేనూ రాయించుకుంటా. కానీ డేటాలో తెలుగుందని, అందులో కనిపించని గుర్తులున్నాయని, ఐత్వం రెండు రకాలుగా ఉందని అడిగేవాడికి తెలియకపోతే వచ్చేది ఎ నుంచి జడ్డే. ఏ ఫ్లాగు ఏ ఊహ మీద నిలబడిందో తెలిసినవాడే అది ఎక్కడ కూలుతుందో చెప్పగలడు. పాత ఆప్షన్లు నేర్చుకోవడంలో లాభం అదీ.

చివరగా ఒక చిన్న పని. ఇవాళ మీరు రాసే ప్రోగ్రాములో పదాల్ని విడదీసే లైనో, పేరు తనిఖీ చేసే లైనో ఉంటే దానికి మీ ఊరి పేరు తెలుగులో ఇచ్చి చూడండి. రెండు నిమిషాల పని. మా ఊరు నాలుగు ముక్కలైంది. మీ ఊరు ఎన్ని ముక్కలైందో కింద రాయండి.

అన్నట్టు, జాబితా పూర్తయింది. పెద్దాయన పేరు అందులో గుణింతాలతో సహా, ఒక్క ముక్కలో ఉంది. ఫారంలో మాత్రం చివరికి ఇంగ్లీషులోనే రాయాల్సొచ్చింది.